పచ్చ మూతలు పదహారు

ఇంకో గంట. కచ్చితంగా చెప్పాలంటే నలభై చుట్లు, చుట్టుకి నిమిషంన్నర. ప్లేటు మిషను లోపల పెట్టాను, బటన్ నొక్కాను, తెర మీద ఒకటి అని అంకె పడింది, ఇక నేను చెయ్యగలిగిందేమీ లేదు. ఆ ప్లేటు వేడెక్కుతుంది, చల్లారుతుంది, మళ్ళీ వేడెక్కుతుంది, అందులోని గుంతల్లో ఉన్నది చుట్టు చుట్టుకీ రెట్టింపవుతుంది, ఉంటే. లేకపోతే సున్నాని నలభైసార్లు రెట్టింపు చేసినా సున్నాయే, ఈ మాట చెప్పడానికి నాలుగేళ్ళ రీసెర్చి అక్కర్లేదు, మా నాన్న పొలంగట్టున కూచుని చెప్పేస్తాడు. తిరుమలరావు సార్ ఇందాక తలుపులోంచి తొంగిచూసి, "నువ్వు గుడ్లప్పగించి చూస్తే తెర మీద గీత తొందరగా లేవదు శైలజా, వెళ్ళి అన్నం తినిరా" అన్నారు. సార్ నా గైడు, నన్ను కేకలెయ్యాల్సినప్పుడు కేకలెయ్యకుండా అన్నం తినమనే మనిషి, దానివల్లే నాకు ఇంకా సిగ్గు. కేరేజీ బల్ల కింద ఉంది, బీరకాయ కూర వాసన వస్తోంది, ఆకలీ వేస్తోంది, కానీ ముద్ద దిగదు. కిటికీ అవతల విజయనగరం మధ్యాహ్నపు ఎండలో బస్సులు హారన్లు కొట్టుకుంటున్నాయి. రెండు అని పడింది. నిమిషంన్నర ఇంత పొడుగని ఇన్నేళ్ళూ నాకు తెలీదు.

పదహారు మంది రక్తం ఆ ప్లేటులో ఉంది. ఇంకెక్కడా లేదు, ఫ్రీజరులో మిగిలింది ఒక చుక్క, ఆ చుక్కతో ఇంకో పరీక్ష కాదు. ఇవాళ గీత లేవకపోతే నేను పొందూరు వెళ్ళి జగ్గమ్మత్త ముందు నిలబడి, అత్తా మీ రక్తం పారబోశాను అని చెప్పాలి. జగ్గమ్మత్త మా నాన్నకి పెద్దక్క. నలభై ఏళ్ళుగా రాట్నం ముందు కూచున్న మనిషి, వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, వెంట్రుక లాంటి నూలు తీస్తుంది, ఆ చెయ్యి తిరుగుతుంటే చూడాలి, నోరు కూడా అలాగే తిరుగుతుంది. ఆ రాట్నాల సావిట్లో ఆవిడ మాటంటే మాటే. పెళ్ళిచూపులకి ఏ చీర కట్టుకోవాలి, మనవడికి ఏ పేరు పెట్టాలి, అన్నీ ఆవిడ్ని అడిగే. నేను వెళ్ళి రక్తం కావాలన్నప్పుడు ముప్ఫై ఆరుగురు ఆడవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, సూర్యకాంతం పిన్ని అయితే లేచి వెళ్ళిపోబోయింది, పోయిన రక్తం మళ్ళీ ఊరదని వాళ్ళ నమ్మకం. అత్త రాట్నం ఆపి అంది, "ఒసే, అడుగుతున్నది ఎవులనుకున్నారు, నా తమ్ముడి కూతురు. దాన్నమ్మకపోతే నన్నూ నమ్మకండి." అని ముందు తన చెయ్యే చాపింది. నేనప్పుడు గొప్పగా, సినిమాలో డాక్టరమ్మలా, ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వను అని అందరి ముందూ మాటిచ్చాను. ఎవరడిగారు నన్ను ఆ మాట? అత్త ఊరికే చెయ్యి చాపింది చాలదా?

అయిదు.

ఒకే గది, ఒకే పత్తి పీచు గాల్లో, ఒకరు రాత్రంతా దగ్గుతారు, పక్క రాట్నం ఆవిడకి ముక్కు కూడా కారదు, ఎందుకు? నా రీసెర్చి మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. జనపనార మిల్లుల్లో పనిచేసి మానేసినవాళ్ళని కూడా ఇదే అడుగుతున్నాను. అత్తకి అర్థమయ్యేలా చెప్పడానికి నేను పడ్డ పాట్లు సెమినార్‌లో కూడా పడలేదు. ఒంట్లో కాపలా కణాలుంటాయి అత్తా, దుమ్ము తగిలితే ఒకటి కేక పెడుతుంది, పక్కది అందుకుంటుంది, ఆ పక్కది అందుకుంటుంది, మన వాపులూ దగ్గులూ జ్వరాలూ సగం ఆ కేకలే. కేక పెట్టకపోతే బతకం, ఆపకపోయినా బతకం. ఆపమని చెప్పేది ఒకటుంది, ఇరవై రెండు అక్షరాల ఆర్ఎన్ఏ ముక్క, దానికి పేరు కూడా పెట్టలేదు, నూట నలభై ఆరు అని నంబరు. కణంలో మామూలు ఆర్ఎన్ఏ కబురంటే ప్రోటీన్ తయారుచెయ్యమని, ఇది ఏదీ తయారుచెయ్యదు, తయారుచెయ్యమనే కబురుకి అడ్డంపడి, ఇక చాలు అంటుంది, అంతే దాని ఉద్యోగం. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా లెక్చరర్ ఏదీ తయారుచెయ్యని వాటినన్నిటినీ చెత్త అని ఒక్క మాటలో తేల్చి పక్క పాఠంలోకి వెళ్ళిపోయాడు, నాకు మాత్రం అక్కడే ఆగిపోవాలనిపించింది, ఇంట్లో ఏమీ సంపాదించని వాళ్ళ మీద నాకెప్పుడూ కాస్త అభిమానం. పైగా ఇది ఉన్నచోట ఊరుకోదు. కణం దీన్ని చిన్న బుడగలో పెట్టి బయటికి వదులుతుంది, ఆ బుడగ రక్తంలో పడి ఎక్కడో ఇంకో కణంలో దూరి అక్కడి గోల కూడా తగ్గిస్తుంది. ఎగదోసేది కూడా ఒకటుంది, నూట యాభై ఐదు, అదీ బుడగల్లోనే తిరుగుతుంది, ఎవరిది పైచేయి అయితే ఒళ్ళు అలా ఉంటుంది. అంతా విని అత్త, "అంటే ఒకలు గోల సేస్తే ఇంకొకలు ఊరుకోబెడతారు, అంతేనేటి? దానికి సూదెందుకే, ఈ సావిట్లో నాల్రోజులు కూకో, రోజూ సూస్తావు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుతోనే సగం మంది ఒప్పుకోలు కాగితాల మీద వేలిముద్రలు వేశారు.

తొమ్మిది. పదో చుట్టుకి ఏమీ రాదు, పదిహేనుకీ రాదు, నాకు తెలుసు, అయినా కళ్ళు తెర వదలవు.

ఆ మంగళవారం గొడవే లేకపోతే ఇదంతా జరిగేది కాదు, అని నాకు నేను చెప్పుకుంటాను, అది నిజం కాదని కూడా నాకు తెలుసు. పొందూరులో రక్తం తీసే క్యాంపు మంగళవారం అనుకున్నాం. "మంగళారం శుక్కురారం ఒంటిమీంచి రగతం తియ్యనివ్వం, బుధారం రా" అని అత్త ఫోనులో తేల్చేసింది. సరేనని మంగళవారం మిల్లు వాళ్ళ దగ్గరికి వెళ్ళాం, అక్కడ అనుకున్నదానికంటే ఎక్కువ మంది వచ్చారు, నా పరీక్షకి కావలసిన ఊదా మూత ట్యూబులు వాళ్ళకి ఖర్చయ్యాయి, నేను లెక్క చూసుకోలేదు. బుధవారం పొందూరులో ఇరవై మందికి తీసేసరికి పెట్టె ఖాళీ. ఇంకా పదహారు మంది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా రమ్మన్నాను కదా, తినకుండానే వచ్చారు, గోడవారని వరసగా కూచున్నారు, ఒకావిడ అప్పుడే కళ్ళు తిరుగుతున్నాయంది. రక్తం తీసే నూకయ్య తన సంచిలోంచి పచ్చ మూతల పెట్టె తీసి, "ఇవీ గడ్డకట్టనివ్వవమ్మా, రెండూ ఒకటే" అన్నాడు. పాతికేళ్ళ అనుభవం ఆయనది, ఆయన చేసే పరీక్షలకి రెండూ ఒకటే, తప్పు ఆయనది కాదు. నాకు తెలుసు. పచ్చ మూతలో హెపారిన్ అనే మందు ఉంటుందని, అది ఉంటే ఆర్ఎన్ఏ కొలిచే మిషను పనిచెయ్యదని, నా నోటుబుక్కులో నా చేతిరాతతో, కింద గీత గీసి మరీ ఉంది. కానీ అత్త, "వొట్టి కడుపుతో ఎంతసేపే, బేగి కానియ్యి" అంటోంది, పదహారు మందీ నన్నే చూస్తున్నారు, మూతలు అయిపోయాయి, ఇవాళ తిని వెళ్ళండి, ఇంకోరోజు వస్తానని చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరమ్మ మూతలు లెక్కపెట్టుకోలేదా అని నవ్వుతారేమోనని. తియ్యండి నూకయ్య గారూ అన్నాను. అంత పని చేసి, తిరుగు బస్సులో కూచున్నాక మాత్రం అన్నీ గుర్తొచ్చాయి, పేజీ నంబరుతో సహా.

తర్వాత చేసింది ఇంకా ఘోరం. ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి మిషనులో పెడితే ఇరవై మంది గీతలు చక్కగా లేచాయి, పదహారు నేలకరుచుకుని పడుకున్నాయి. ఇదేంటమ్మా అని సార్ అడిగితే, ఆర్ఎన్ఏ తక్కువ వచ్చినట్టుంది సార్ అన్నాను, కళ్ళలోకి చూడకుండా. ఆ రోజు నుంచీ నాకు నేనంటేనే కంపరం. సరిగ్గా అప్పుడే అత్త ఫోన్లు మొదలుపెట్టింది. ఒకసారి ఎత్తి, పనిలో ఉన్నానత్తా మళ్ళీ చేస్తాను అన్నాను, చెయ్యలేదు. మూడు వారాల్లో పదకొండుసార్లు చేసింది, ఫోన్ బల్ల మీద వణుకుతూ వణుకుతూ ఆగిపోయేది, నేను దానివైపు చూడకుండా పిపెట్ పట్టుకుని చాలా బిజీగా ఉన్నట్టు నటించేదాన్ని, చూసేవాళ్ళెవరూ లేకపోయినా. ఏమని చెప్పను? మీ రక్తం పనికిరాకుండా చేశాను, మళ్ళీ ఇవ్వండి అనా? సూర్యకాంతం పిన్ని ఏమంటుంది? ఆ సావిట్లో అత్త మాట ఇక ఎవరు వింటారు? నలభై ఏళ్ళు సంపాదించుకున్న మాటని మేనకోడలు ఒక్క పూటలో పోగొట్టింది అంటే, అది నేను భరించలేను, థీసిస్ పోతే పోనీ, ఇంకో రెండేళ్ళు పడుంటాను.

పదిహేను. పదహారు. నీళ్ళ సీసా పక్కనే ఉంది, పొద్దున్నుంచీ మూత కూడా తియ్యలేదు.

నేను సార్‌కి దొరికిపోయింది పురుగు దగ్గర. ప్రతి శాంపిల్లోనూ మేమే ఒక పురుగు ఆర్ఎన్ఏ లెక్కగా కలుపుతాం, మనుషుల్లో ఉండనిది, సాక్షి కోసం. మనిషిది లేవకపోయినా అది లేవాలి. పోయిన సోమవారం సార్ పాత గీతలన్నీ ముందేసుకుని చాలాసేపు చూశారు. "ఈ పదహారింట్లో పురుగుది కూడా లేవలేదు. మనం కలిపింది మనకే కనపడలేదంటే, అందులో లేక కాదు, ఏదో దాన్ని పలకనివ్వడం లేదు. ఏ ట్యూబులో తీశావు?" అన్నారు. అంతే. ఆ ప్రశ్న ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు. పచ్చ మూత సార్ అన్నాను, అన్నాక ఏడుపొచ్చింది, ఏడుపుతో మంగళవారం, నూకయ్య, వొట్టి కడుపు, అబద్ధం, అన్నీ వరస లేకుండా చెప్పేశాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "హుద్‌హుద్‌లో కరెంటు లేక నా ఫ్రీజర్లో రెండేళ్ళ శాంపిళ్ళు కరిగిపోయాయి. అది తుపాను, నేనేం చెయ్యలేను. ఇది మూత. మూతకి మందుంది" అన్నారు. హెపారిన్‌ని కొరికి ముక్కలుచేసే ఎంజైమ్ ఒకటుందట, హెపారినేజ్, హైదరాబాదులో ఆయన స్నేహితుడి ల్యాబు నుంచి ఐస్ డబ్బాలో తెప్పించారు, ఒక్కసారికి సరిపడా. పొద్దున దాన్ని కలిపేటప్పుడు సార్ పక్కకి వచ్చి నిలబడ్డారు, కలపడం అయ్యేదాకా కదల్లేదు.

పద్దెనిమిది. ఏదో కదిలింది. కాదు, కళ్ళు చెదిరాయి. పంతొమ్మిది. కాదు, కదిలింది, ఎర్ర గీత, అది పురుగుది, ఏ గుంతలోది, డి వరసలోది, డి వరస పచ్చ మూతలది, దేవుడా, డి మూడు, డి నాలుగు, ఇంకోటి, ఇంకోటి, ఒకదాని వెనక ఒకటి నేల విడిచి లేస్తున్నాయి, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని ఇప్పుడే చూసుకున్నాను. లెక్కపెట్టు. పధ్నాలుగు. పదిహేను. ఆ ఒక్కటీ, రావే తల్లీ, ఆ వచ్చింది. పదహారు. పదహారూ లేచాయి! ఎవరికీ అక్కర్లేని ఒక పురుగు ముక్క పలికినందుకు నేను ల్యాబులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుతున్నాను. నీళ్ళు తాగాను. సీసా సగం ఒక్క గుక్కలో తాగాను, ల్యాబు కోటు మీద ఒలికిపోయింది. పురుగు పలికిందంటే హెపారిన్ పోయింది, ఇక మనుషులది పలకడానికి అడ్డేమీ లేదు, ఆలస్యంగా వస్తుంది, తక్కువ ఉంటుంది కాబట్టి ఇరవై ఆరుకో ఇరవై ఎనిమిదికో వస్తుంది, వస్తుంది. మెడ వెనక మూడు వారాలుగా బిగుసుకున్నదేదో వదులవుతోంది. బీరకాయ కూర వాసన ఇప్పుడు బాగుంది. కేరేజీ విప్పాను. ల్యాబులో తినకూడదు, నాకు తెలుసు, వరండాలో నిలబడి అద్దంలోంచి తెర చూస్తూ తింటున్నాను, రెండు ముద్దలు, మూడు ముద్దలు, చల్లటి అన్నం ఇంత రుచిగా ఉంటుందా?

ఇరవై ఏడు. నీలం గీతలు. నూట నలభై ఆరు. చేతికంటిన అన్నంతోనే అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను, ఒకటి తొందరగా, ఒకటి నెమ్మదిగా, ఒక్కొక్కటీ దాని ఎత్తులో అది, ఒకావిడకి ఎక్కువ, ఒకావిడకి తక్కువ, ఎవరెవరో నాకు ఇప్పుడు తెలీదు, నంబర్లే తెలుసు, దగ్గే వాళ్ళకీ దగ్గనివాళ్ళకీ ఏం తేడా ఉందో అది తర్వాత మాట, తేడా లేకపోయినా సరే, అదీ ఒక జవాబే. ఉంది. వాళ్ళ రక్తం పలికింది. ఒక్క చుక్కా వృథా పోలేదు. సార్ వచ్చి నా భుజం మీదుగా తెర చూసి, "ఊఁ" అన్నారు, ఆయన ఊఁ అంటే చాలా పెద్ద మాట. తర్వాత "మెతుకులు అద్దానికి అంటించావు, తుడిచెయ్" అని తన గదికి వెళ్ళిపోయారు. చెయ్యి కడుక్కున్నాను. అద్దం తుడిచాను. ఇప్పుడు ఫోన్ చెయ్యచ్చు. ఇప్పుడు అత్త మొహం చూడచ్చు, తప్పు చేశాను, దిద్దుకున్నాను అని రెండూ ఒకేసారి చెప్పచ్చు, రెండోది లేకుండా మొదటిది చెప్పలేని పిరికిదాన్ని, ఏం చెయ్యను, అలా పుట్టాను.

అత్త ఒక్క రింగుకే ఎత్తింది. వెనక రాట్నాల చప్పుడు లేదు, సావిట్లో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"అత్తా, నేను."

"సెప్పవే" అంది. గొంతు అత్తది కాదు, ఎవరిదో ముసలావిడది. "దాసకుండా సెప్పు. ఎవులికే?"

"ఎవరికేంటత్తా?"

"ఆ రోగం. పదారుమందిలో ఎవులికుందే? అందరికీనా?"

నాకు అర్థం కాలేదు. ఏ రోగమత్తా అన్నాను. అప్పుడు ఒక్కసారిగా అంతా బయటికొచ్చింది. "ముందోళ్ళందరికీ ఊదా మూతలు, ఎనకోళ్ళకి పచ్చ మూతలు. ఎందుకలాగ ఏరేసినావు? మొకం సూసి కనిపెట్టీసినావని, మాయదారి రోగమేదో ఉన్నాదని, అందుకే ఫోనెత్తట్లేదని. నువ్వు సెప్పలేక ఊరుకున్నావని నాను అనుకున్నాను, నానే వీళ్ళతో అన్నాను. పైడమ్మకి కోడలు మంచినీళ్ళ గలాసు ఏరు సేసీసింది. సూర్యకాంతం మూడువారాల్నుంచి మనవణ్ణి ఎత్తుకోడం నేదు. పదారుమందినీ శ్రీముఖలింగం గుడికి తీసుకెళ్ళి మొక్కించినాను."

మూడు వారాలు నేను నాకోసం భయపడ్డాను. అత్త మాట పోతుందని భయపడ్డానని అనుకున్నాను, అదీ నాకోసమే. నేనేమీ చెప్పలేదు కాబట్టి ఏ కబురూ వెళ్ళలేదనుకున్నాను. వెళ్ళింది, ఒకరి నుంచి ఒకరికి, సావిడంతా వెళ్ళింది, చాలు అనేవాళ్ళు లేక పెరిగి పెరిగి వెళ్ళింది.

"ఏ రోగమూ లేదత్తా" అన్నాను. "నేను వెతికింది రోగం కాదు. ఊదా మూతలు అయిపోయాయి. లెక్క చూసుకోలేదు. అందుకని పచ్చవి. అంతే. నాదే తప్పు. అది చెప్పడానికి సిగ్గేసి ఫోన్ ఎత్తలేదు."

అత్త, "మూతలైపోనాయా?" అంది.

"అయిపోయాయి."

"అయిపోనాయని ఆ పూటే సెప్పలేకపోనావేటే, నీ సిగ్గు తగలెయ్య! పెరుగన్నం తిని ఇంకో బుధారం ఇచ్చీవోళ్ళం కాదేటి?" అని తిట్టింది, ఇంకా తిట్టింది, నాన్నని కూడా కలిపి తిట్టింది, తిట్టే కొద్దీ గొంతు అత్త గొంతు అయింది, నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి, తిట్టత్తా, ఇంకా తిట్టు. ఫోను పక్కకి తీసి కేకేసింది, "ఒసే, మూతలైపోనాయటే! అంతేనట! ఏటీ నేదట!" అటు ఒక్కసారి ఎవరో ఘొల్లుమన్నారు, ఎవరో నవ్వారు, ఎవరో నవ్వుతున్న ఆవిడ్ని తిట్టారు. అత్త మళ్ళీ ఫోనులోకి వచ్చి, "నామాట నమ్మట్లేదు. నీ నోటంట ఇనాలంట. ఒకొక్కలికీ ఇస్తాను, పదారుమందికీ నువ్వే సెప్పు. ఫోను పెట్టీకు" అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు. ఎవరిదో ఊపిరి.

"నానేనా?" అంది సూర్యకాంతం పిన్ని.

"నువ్వు కాదు పిన్నీ" అన్నాను. "ఎవరూ కాదు. వెళ్ళి మనవణ్ణి ఎత్తుకో."